ఎనభయ్యో నిమిషం కేక

ఇంగ్లండ్ ఉత్తరాన ఒక చిన్న ఊరు. అభిమానులే పెట్టుకున్న కొత్త ఫుట్‌బాల్ క్లబ్బు తొలి మ్యాచ్. పార్కు గట్టు మీద, ముసురులో, బావా బావమరదీ నిలబడి ఉన్నారు.

“ఏం బావా, చచ్చినా రానన్నావుగా?”

“కుక్కని తిప్పడానికొచ్చాన్రా.”

“కుక్కేదీ?”

“వాన కదా, ఇంట్లోనే ఉంది.”

“నలభై ఏళ్లుగా అభిమానించిన పాత క్లబ్బుని వదిలి రాలేనని ఏడ్చావు!”

“ఏముందిరా వదలడానికి? ఆ ఓనరు జెర్సీ రంగు మార్చాడు, పేరు మార్చాడు, స్టేడియం అమ్మేశాడు. ఇక అక్కడ మిగిలింది వాడొక్కడే.”

“అయితే ఈ ఫారం మీద సంతకం పెట్టు. ఇక్కడ మెంబరైన ప్రతివాడూ ఓనరే.”

“చూద్దాంలే. ఎన్నో నిమిషం?”

“ఎనభై.”

పాత క్లబ్బు ఓనరు ప్రతి మ్యాచ్‌లోనూ ఆట వదిలేసి కారెక్కే నిమిషమది; అభిమానులంతా అతని మీద అరిచేదీ అప్పుడే. గట్టు మీది మూడొందల మందీ అలవాటుగా చేతులెత్తి ఒక్కసారే అరిచారు.

“ఓనరూ, దిగిపో!”

“అయ్యయ్యో బావా, ఎవర్ని దిగిపొమ్మంటున్నాం? ఓనర్లం మేమే కదా!”

“మీరే. నేనింకా సంతకం పెట్టలేదు.”

“పెట్టు మరి, ఇదిగో పెన్ను.”

“ఆగరా, కసితీరా ఇంకొక్కసారి అరవనీ. ఆ తర్వాత ఇద్దువుగాని.”