ఇల్లు లేని ఇంటాయన

ఏందే పిల్లా, మూతికి కట్టుకున్నది. జల్లెడా? తియ్యి తియ్యి, పొద్దుగాల్నే దడుసుకున్న. ఆ బేస్‌బాల్ ఆటదా? బంతి మూతికి తగలకుండనా? సరే, ఇట్ల కూసో, ఆ రొమ్ముకు కట్టిన పరుపు గూడ ఇప్పు, చూస్తుంటే నాకే ఉడుకపోస్తున్నది. బీజాపూర్ల మీ సార్ ఇచ్చిండా ఇయ్యన్ని. మంచిగనే ఇచ్చిండు. ఇయ్యి లేకనే గద మీ ముత్తాతకు ముందటి పండ్లు మూడు పోయినయి. నవ్వకు, నిజంగనే. మా నాయన ఎర్రయ్య ఆడింది నీ ఆటనే, ఈ ఆవపల్లిలనే, బస్తర్ రాజ్యం నాడు. నువ్వు నీ సార్‌కు చెప్పు, మా ఇంట్ల ఈ ఆట కొత్తది కాదని. నేనప్పటికి పుట్టలే. నేను పుట్టుడే ఆ ఆట పుణ్యాన, చెప్త గని నడుమ లేవకు.

అప్పుడు జగదల్‌పూర్ దిక్కుకెల్లి ఒక పాదిరి దొర వచ్చిండు, అమెరికాయన. బడి పెడతనని వచ్చిండు. బడికి ఒక్కడు రాలే. కోతలు గూడ అయిపోయినయి, ఇప్పపూలకు ఇంక టైముంది, మొగోళ్లంత గోళ్లు గిల్లుకుంట కూసున్నరు. దొర ఏం చేస్తడు, ఆట పెట్టిండు. మారేడుకాయంత బంతి, రోకలంత కట్టె. ఒకడు బంతి ఇసరాలె, ఒకడు కొట్టి ఉరుకాలె. నాలుగు దిక్కుల నాలుగు గోనెసంచి ముక్కలు. మూడు తొక్కి నాలుగోదాని మీదికొస్తే ఒక లెక్క. ఆ నాలుగోదాన్ని దొర హిందీల 'ఘర్, ఘర్' అనెటోడు. నువ్వేమంటవు, హోమా? అదే. దొరెంబడి మంగ్లూ అని ఒక దుబాసి ఉండె. వానికి ఈ దిక్కు హల్బీ బాస బాగొస్తది, తెలుగు మాత్రం సంతల నేర్చిన తెలుగు. వాడు 'ఇల్లు' అన్నడు. ఘర్ అంటే ఇల్లే గద, వాని తప్పేముంది. ఇంక ఇల్లన్నంక, దాని దగ్గర కూసోని బంతి పట్టెటోడు ఇంటాయన అయ్యిండు, ఉరికొచ్చెటోడు చుట్టం అయ్యిండు. చుట్టం కంటే ముందు బంతి ఇంటాయనకు అందితే చుట్టం ఔటు. ఇంటాయన చుట్టాన్ని ఇంట్లకు రానియ్యొద్దు, అదీ ఆట. మా ముసలోళ్లు విని ఉమ్మేసిన్రంట. 'గీ దొర దేశంల చుట్టమొస్తే కాళ్లకు నీళ్లియ్యరా, తరుముతరా' అని.

ఎవరు కూసుంటరు మరి ఇంటాయనగ? కట్టె మూతి ముందల్నే ఇంత దూరంల గుయ్‌మని తిరుగుతది. రైతులెవ్వరు ముందుకు రాలే. మా నాయనను దొబ్బిన్రు. తమాష చూసినవా, ఊరందరిల ఇల్లు లేనోడు ఆయనొక్కడే. గోదారి అవతలకెల్లి బతకొచ్చి, మా తాత రామనర్సయ్య దగ్గర జీతమున్నడు, కొట్టంల ఎడ్ల పక్కన పండెటోడు. ఆయనను పట్టుకొని ఇంటాయన ఇంటాయన అని పిలుస్తుంటే మొదట తిట్టు అనుకున్నడంట పాపం.

ఆఁ, తాత సంగతి చెప్పాలె. తాతకు మా అమ్మ సారలమ్మ ఒక్కతే బిడ్డ. మా అమ్మ కొట్టంల పేడ తీయనికి పోతే రెండు గంటలైనా వచ్చేది కాదు. రెండు ఎడ్ల పేడకు రెండు గంటలెందుకే అని ఊరంత ఎరికే, తాతకే ఆఖరుకు తెలిసింది. నాయన పోయి మంచిగనే అడిగిండు, నాకియ్యు మావా అని. తాత ఎట్లాంటోడనుకున్నవు, గొంతు ఇంత లావు, మీసం ఇంత. సంత నడుమ నిలబడి అన్నడంట, 'ఒరేయ్, నీకంటూ ఒక ఇల్లుండి, ఆ ఇంట్ల నేను కాలు పెట్టిననాడు నా బిడ్డనిస్త, పో' అని. సంతల అన్న మాటంటే కాయితం రాసినట్టే మనకు. సంతంత నవ్విందంట, ఆ నవ్వులు చింతలనార్ ఊరి దాక వినబడ్డయంట. ఏడ్చిండంట ఆనాడు. ఎడ్లకు తప్ప ఎవరికి చెప్పుకుంటడు.

ఇగ ఆటల, మొదటి దినం మా నాయన సంచి మీద కాళ్లు బార్ల జాపి నిలబడ్డడు, ఎవడొస్తడో రా అని. హుంగా అని ఒక పోరడు, దున్నపోతు లెక్క ఉండె, వచ్చి గుద్దిండు. ఇద్దరు పోయి ముండ్ల కంపల పడ్డరు. దొర మొఖం మిరపపండు అయ్యింది. ఏందేందో అరిసిండు. మంగ్లూ చెప్పిండు, వాని తెలుగుల, 'బంతి చేతిల హై తో రుకో. బంతి నహీ తో బాజు అవ్వు. చుట్టం కా తొవ్వ ఇడువు.' బంతి చేతిల ఉంటెనే ఆపాలె, లేకుంటే పక్కకు జరగాలె అని. నీ సార్ గూడ గట్లనే చెప్తడా? చూడు, దొర అబద్ధం చెప్పలే. బంతి లేనోడు అడ్డం నిలబడితే, చుట్టం ఇంట్లకొచ్చినట్టే లెక్క. ఇది మాత్రం మా ముసలోళ్లకు నచ్చింది. మూతికని నాయన ఎడ్ల చిక్కం కట్టుకున్నడు. అదే, నూర్చేటప్పుడు ఎద్దు వడ్లు తినకుండ కడతరు చూడు, తాళ్లది. పొట్టకు గడ్డి కుక్కిన గోనె. చూసినోళ్లు 'ఎర్రయ్యా, మేత ఏసిన్రా' అనెటోళ్లు.

పందెం రోజు తహసీల్దారొచ్చిండు, గెలిచినోళ్లకు మేకపోతు అన్నడు. రైతులు ఒక జట్టు, జీతగాళ్లు ఒక జట్టు. మా తాత మేకనిడుస్తడా? పంచె గోచి పెట్టి తానే దిగిండు. ఆఖరుకు రెండు జట్లు సమానం, తాత కట్టె పట్టిండు. కొట్టిండు సూడు, బంతి పోయి రేగు కంపల పడ్డది. తాత ఉరుకుతున్నడు, ఒకటి తొక్కిండు, రెండు తొక్కిండు, మూడు తొక్కిండు, మీసంల నురుగు. ఇక ఇల్లు ఉన్నది. అప్పుడు జనంల ఎవడో అన్నడంట, 'ఓరి, ముసలోడు ఎర్రయ్య ఇంటికే పోతున్నడు గదరా' అని. సంతల మాట అందరికి యాదికొచ్చింది.

మా నాయన ఏం చేసిండో చెప్పు. చెప్పలేవు. చేతిల బంతి లేదు గద, తొవ్వ ఇడిసి పక్కకు జరిగిండు, అది దొర రూలు. మంచిదే. మరి మూతికున్న చిక్కం గూడ ఎందుకు తీసినవయ్యా? మామ ఇంటికొస్తుంటే ఎద్దు లెక్క చిక్కం కట్టుకొని ఎదురుపోతరా అంట. చేతిల నీళ్ల చెంబొక్కటే తక్కువ. గట్ల చిక్కం తీసిండు, ఇట్ల బంతొచ్చింది, తప్పున మూతి మీద. పండ్లు మూడు రాలినయి. కూలబడ్డడు, బంతి ఆయన రొమ్ము కింద. తాత కాలు జారి పొర్లిండు, ఇంత దుమ్ము లేసింది. మా అమ్మ అందరి ముందల ఉరికొచ్చి కొంగుతోని నాయన మూతి ఒత్తింది. సిగ్గు లేదు దానికి. మంచిదైంది.

దుమ్ములకు దొరకేం కనబడలే. తాతను అడిగిండు, 'పెద్దమనిషివి, నువ్వే చెప్పు. బంతి వానికి అందకముందు సంచి తొక్కినవా?' తొక్కిన అంటే మేక వస్తది, బిడ్డ పోతది. తొక్కలే అంటే మేక పోతది, బిడ్డ ఉంటది. తాత బిడ్డ దిక్కు చూసిండు, ఆమె కొంగు నిండ నెత్తురు. మీసం దులుపుకొని 'తొక్కిన' అన్నడు. అంతే. ఓడిన జీతగాళ్లు డోలు కొట్టి ఎగిరిన్రు, గెలిచిన రైతులు తలకాయలు దించుకున్నరు. ఆ మేకనే కోసి పెండ్లి చేసిన్రు.

ఇగ చచ్చేదాక తాత చెప్పుకునుడే, మేక కోసం తొక్కిన, బిడ్డ సంగతి యాదికే లేకుండె అని. అందరు నవ్వెటోళ్లు, మా నాయన గూడ ఆ మూడు పండ్ల సందుల్నుంచి నవ్వెటోడు. తాత పోయినంక ఒకనాడు నాయన నాకు చెప్పిండు. కింద పడ్డప్పుడు ఆయన కండ్ల ముందల్నే ఉన్నదంట తాత కాలు. సంచికి జానెడు ఇవతల. తొక్కలే. తాతకు గూడ ఎరికే, ఇద్దరు ఒకళ్ల మొఖం ఒకళ్లు చూసుకున్నరంట. ముప్పై ఏండ్లు ఒక్క దగ్గర కూసోని తిన్నరు, ఇద్దరిల ఎవ్వరు ఆ మాట ఎత్తలే. నేనడిగిన, నువ్వన్న చెప్పకపోయినవా నాయనా, మేక మీకే వచ్చేది గద అని.

'ఇంటికొచ్చినాయన కాలు జాన పెట్టి కొలుస్తరా బిడ్డా' అన్నడు.

...

లే, జావ పొంగుతున్నది, దించు పో.