లైన్లో నిలబడ్డ తువ్వాలు

నేను ఇంతవరకు ఏదీ రాసి ఎరగను. ఐదో తరగతితో నా బడి అయిపోయింది. నలుగురిలో నోరు తెరిచి మాట్లాడిందీ లేదు. మరిప్పుడెందుకు రాస్తున్నానంటే, నోటితో చెప్పబోతే మా ఆయన మధ్యలో అందుకుంటారు. కాగితం మీదైతే అందుకోలేరు.

మా ఆయన పేరు పరంధామయ్య. గాజువాక పక్కన ఉక్కు ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో అక్కడ స్టోర్సులో పనిచేశారు. రిటైరయ్యాక అమ్మాయి దగ్గరికి సింగపూర్ వచ్చేశాం. పుంగ్గోల్లో ఉంటాం. ఆయనకి పనంటూ ఏమీ లేదు గానీ ఒక్క క్షణం ఖాళీ ఉండదు. ఆదివారం సాయంత్రమైతే మా బ్లాకు కింద కాఫీ షాపులో, పంకా కింద బల్ల మీద ఒక టిష్యూ పొట్లం పడేస్తారు. ఇక్కడ అలా పెట్టేస్తే ఆ చోటు మనదే. చోప్ చేయడం అంటారు. ఎవరూ కదపరు. ఆయన పొట్లం పడేసి కూర్చుంటారు. నేను వెళ్ళి లైన్లో నిలబడతాను. ఆయన కథ మొదలుపెడతారు. మధ్యమధ్యలో "అవునా కాదా నూకాలూ" అంటారు. నేను తల ఊపుతాను. పెళ్ళయిన దగ్గర్నుంచి ఇదే వరస.

ఆ ఆదివారం వినడానికి ఇద్దరొచ్చారు. ఒకరు మధుసూదనరావు గారు, పక్క బ్లాకులో ఉంటారు, రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం. ఇంకొకడు బాలు, శ్రీకాకుళం నుంచి వచ్చి షిప్‌యార్డులో వెల్డింగు పని చేస్తాడు. ఈయన్ని బాబాయ్ అనీ నన్ను పిన్నీ అనీ పిలుస్తాడు. వాళ్ళతో పాటు మా మనవరాలు కీర్తిక.

నా బాధంతా కీర్తిక గురించే. దానికి మర్నాడు బళ్ళో చరిత్ర క్లాసు. రష్యాలో విప్లవమొచ్చాక మొదట్లో ఏం జరిగింది, తిండిగింజలు ఎవరు పండించారు, ఎవరు పట్టుకెళ్ళారు, జనం రొట్టెకి ఎలా లైన్లు కట్టారు, ఇవీ పాఠం. సరుకులు దొరకని రోజులు చూసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే అడిగి, క్లాసు ముందు నిలబడి చెప్పాలట. టీచరు ఎదురు ప్రశ్నలు కూడా వేస్తుంది. పోయినేడు ఇలాగే తాతయ్యల చిన్నతనం గురించి చెప్పమంటే, ఈయన భీమిలి నుంచి రంగూన్ దాకా ఈదానని చెప్పారు. పిచ్చిపిల్ల అది నిజమనుకుని క్లాసులో చెప్పింది. అందరూ నవ్వారట. ఆ రోజు నుంచి అది క్లాసులో చెయ్యెత్తలేదు. నా పోలికే, సిగ్గెక్కువ. మళ్ళీ నవ్వులపాలైతే ఇంక నోరు తెరవదని నా భయం.

పొద్దున్నే ఆయనకి చెప్పాను, పిల్లకి నిజమైనది ఒక్కటి చెప్పండి చాలు అని. చెప్తానన్నారు.

"అదేం పెద్ద సంగతి కాదమ్మా," అని మొదలెట్టారు. ఆయన నోట ఆ మాట వస్తే నాకు కాళ్ళు లాగడం మొదలవుతుంది.

"ఎనభై నాలుగులో ఫ్యాక్టరీ వోళ్ళు నన్ను మాస్కో పంపేరు, స్టోర్సు ఎలా నడపాలో చూసి రమ్మని. పొద్దున్నే దిగేను. ఆకలేసింది. రొట్టెల కొట్టు ముందు లైనుంది. నిలబడ్డాను. అంతే. గొప్పకి చెప్పట్లేదు, ఎవడైనా నిలబడతాడు. కానీ ఆ లైనేటి, ఆ చలేటి! ముందున్నోడి వీపు తప్ప కొట్టు కనబడ్డం లేదు. నాకు టీ అలవాటు కదా. లైను వదిలితే చోటు పోద్ది, వదలకపోతే పానం పోద్ది. అప్పుడు నా బుర్రకి తట్టింది. మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి సీటు మీద తువ్వాలు ఎయ్యమా? భుజం మీద తడి తువ్వాలుంది. తీసి నా చోట్లో నిలబెట్టేను. ఆ చలికి గడియలో గడ్డకట్టి మనిషిలా నిటారుగా నిలబడిపోయింది. నేను టీకెళ్ళేను. తిరిగొచ్చి చూద్దును కదా, ఏటైందో తెలుసా?"

"పడిపోయుంటది బాబాయ్," అన్నాడు బాలు.

"పడిపోడమేటి. ముందోడు వెనక్కి తిరిగి దాంతో కబుర్లాడతన్నాడు. లైను కదిలినప్పుడల్లా వెనకోడు దాన్ని రెండు చేతుల్తో ఎత్తి ఒక అడుగు ముందు పెడతన్నాడు. రొట్టె ఇచ్చేవాడు దానికీ ఒకటిచ్చేడు. అవునా కాదా నూకాలూ?"

నేను తల ఊపాను. కోపి తెమ్మన్నారు, ఇక్కడ కాఫీని అలాగే అంటారు. పంచదార తక్కువ. నేను వెళ్తాను పిన్నీ అని బాలు లేచాడు గానీ ఈయన కూర్చోబెట్టేశారు. మీ పిన్నికి లైన్లంటే అలవాటేలే అన్నారు.

నేను లైన్లో నిలబడ్డాను. కొట్టు దగ్గరే కాబట్టి ఈయన గొంతు వినిపిస్తూనే ఉంది. ఈయన గొంతు సెరంగూన్ దాకా వినిపిస్తుంది. కీర్తిక మెల్లగా అంటోంది, "తాతయ్యా, మాది రివల్యూషన్ అయ్యాక ఫస్ట్ ట్వెంటీ ఇయర్స్ కదా. ఎయిటీ ఫోర్ కాదు."

ఎవరైనా అక్కడితో ఆగుతారు. ఆయన ఆగలేదు.

"అక్కడికే వస్తన్నాను. ఆ చలికి నీళ్ళే కాదమ్మా, క్యాలెండర్లు కూడా బిగుసుకుపోయేవి. బిగుసుకున్నది ఒక రాత్రి పట్టు తప్పి వెనక్కి జారిపోయింది. లేచి చూసేసరికి ఇరవయ్యొకటో సంవత్సరంలో ఉన్నాను. ఊళ్ళలోంచి గింజంతా బళ్ళకెత్తి పట్నాలకి పట్టుకుపోతన్నారు. రైతు ఏం చేస్తాడు? ఎలాగూ ఉంచరు కదాని నాట్లే మానేస్తన్నాడు. నేను చూళ్ళేకపోయేను. పెద్ద ఆఫీసుకెళ్ళి బల్ల మీద కొట్టి చెప్పేను. ఓరి నాయనా, అంతా ఎత్తుకెళ్తే మళ్ళీ యేటికి పండించేదెవడు, పన్నులా కొంత తీసుకోండి, మిగిలింది సంతలో అమ్ముకోనియ్యండి అని. ఆళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. మర్నాడు పేపర్లో కొత్త ఆర్థిక విధానమని అచ్చేసేసేరు. నా పేరెయ్యలేదు. నేను అడగలేదు."

"ఆ విధానం నిజంగానే వచ్చిందిలెండి," అన్నారు మధుసూదనరావు గారు. "ఇరవయ్యొకటిలోనే. మీకు ఎవరు చెప్పారో గానీ."

ఇదే నాకు ఒళ్ళు మండే సంగతి. ఈయన కోతల్లో అక్కడక్కడ నిజం గింజలు తగులుతాయి. ఉత్త పొట్టే అయితే పిల్ల కూడా ఊదేసేది. నేను కోపి తెచ్చేసరికి కీర్తిక ఫోన్లో అంతా టకటకా కొట్టుకుంటోంది. వద్దే అని కళ్ళతో చెప్పాను. అది చూడలేదు. ఈయన కప్పందుకుని, అలాగే రొట్టె ముక్కలు కూడా తెచ్చెయ్యి అన్నారు. మళ్ళీ వెళ్ళి లైన్లో నిలబడ్డాను. కాలి మడమ దగ్గర సలుపు మొదలైంది.

"మరి తువ్వాలేమైంది బాబాయ్?" అన్నాడు బాలు.

"అద్గదీ. అదింకా లైన్లోనే ఉంది. దానికి రేషను కార్డిచ్చేరు. కార్డుందంటే మనిషే కదా? మనిషైతే సంఘంలో సభ్యుడు. మీటింగుకి తీసుకెళ్ళి కుర్చీలో పెట్టేరు. గడ్డకట్టినప్పుడు దాని ఒక కొస పైకి లేచుండిపోయింది, చెయ్యెత్తినట్టు. పొలాలన్నీ కలిపేద్దాం, ఒప్పుకున్నోళ్ళు చెయ్యెత్తండి అన్నారు. అందరికంటే ముందు ఎవరిదెత్తుంది? దానిదే. ట్రాక్టర్లు మూడింతలు చేద్దాం అన్నారు. ఎత్తే ఉంది. నిన్నటిది తప్పు, ఇవాళ్టిది ఒప్పు అన్నారు. ఎత్తే ఉంది. ఇంత నమ్మకమైన మనిషి దేశంలో లేడని ఒక ఉమ్మడి వ్యవసాయానికి దాన్ని ఛైర్మన్ చేసేసేరు."

బాలు బల్ల మీద తల పెట్టుకుని నవ్వుతున్నాడు. మధుసూదనరావు గారు కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇంక చెప్పాలా, ఈయనకి పూనకం వచ్చేసింది.

"పైనుంచి ఆర్డరొచ్చింది, క్యాబేజీ ఎంత పండిస్తారూ అని. ఛైర్మన్ కాదనడు కదా. పది రెట్లా అంటే చెయ్యెత్తే ఉంది, వంద రెట్లా అంటే ఎత్తే ఉంది. ఒప్పుకున్నాక పండాల. నేను దగ్గరుండి పండించేను. ఒక్కో క్యాబేజీ మా ఉక్కు ఫ్యాక్టరీ కొలిమంత. ఆకొకటి తీస్తే ఇంటికి కప్పు. చలికాలం ఊరు ఊరంతా ఒక క్యాబేజీలోకి కాపురం మారిపోయింది. తింటూ తింటూ గదులు చేసుకున్నారు. అలాగ ఐదేళ్ళ ప్రణాళిక నాలుగేళ్ళలో అయిపోయింది. ఎలా అయిందో తెలుసా? ఆఖర్ని ఒక ఏడాది మిగిలితే, నేనెళ్ళి ఆ క్యాలెండరు చింపేసేను."

"నాలుగేళ్ళలో ముగించాం అన్నారు, అది బుక్‌లో ఉంది," అంది కీర్తిక. మొహం వెలిగిపోతోంది దానికి. అయిపోయింది, నమ్మేసిందనుకున్నాను. రేపు పిల్ల క్లాసు ముందు నిలబడి క్యాబేజీలో కాపురం గురించి చెప్తుంది. ట్రే అందుకుని గబగబా నడిచాను.

నేను బల్ల దగ్గరికి వచ్చేసరికి ఈయన మన లోకంలో లేరు. తువ్వాలు ఫోటో ఊరూరా గోడలకి ఎక్కించేశారు. బళ్ళో పిల్లలు పొద్దున్నే దానికి దండం పెడుతున్నారు. ఇంకొక్క మెట్టెక్కితే దేశానికే పెద్ద. అంతలో ఎండాకాలం వచ్చిందట. మంచు కరిగి తువ్వాలు మెత్తబడి, ఎత్తిన కొస కిందికి వాలిందట. ఒక్కసారి, ఒక్క మీటింగులో. అంతే, తెల్లారేసరికి గోడల మీద ఫోటోల్లో తువ్వాలు లేదట, దాని పక్కన నిలబడ్డవాళ్ళు మాత్రం ఉన్నారట. ఈయన దాన్ని మడిచి, పెట్టెలో అడుగున దాచి, విశాఖపట్నం తెచ్చేశారట.

బాలు నవ్వు ఆపుకుని అడిగాడు, "మరా తువ్వాలు ఇప్పుడేదీ బాబాయ్?"

ఈయన నా వైపు చెయ్యి చాపారు. "మా ఇంట్లోనే ఉంది. కావాలంటే మీ పిన్నినడుగు. అవునా కాదా నూకాలూ? ఆ తువ్వాలు మనింట్లో ఉందా లేదా, నువ్వే చెప్పు."

అలవాటు కొద్దీ నా తల ఊగబోయింది. కీర్తిక ఫోను మీద వేళ్ళు ఆపి నన్నే చూస్తోంది. నేను ఊ అంటే రాసుకుంటుంది. చెయ్యెత్తే ఉంది, ఎత్తే ఉంది అని ఇందాక ఆయన అన్నది నా చెవిలో తిరుగుతోంది.

"ఉంది," అన్నాను. "ఆ తువ్వాలు నేనే."

ఎవరూ నవ్వలేదు. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ రాదని తెలుసు.

"సింగపూర్ వచ్చేదాకా మీరు గాజువాక దాటి ఎరగరు. మాస్కో ఎక్కడ? మీరు ఏ లైన్లోనూ నిలబడలేదు. కిరసనాయిలుకి, పంచదారకి, పామాయిలుకి నిలబడింది నేను. చంటిదాన్ని చంకనేసుకుని నిలబడ్డాను. మీ చోట్లో నన్ను పెట్టి మీరు టీకి వెళ్ళారు. ఇదిగో, ఇప్పుడు ఈ కోపికీ, ఈ రొట్టెకీ నిలబడి వచ్చింది కూడా నేనే. పిల్లకి నిజం చెప్పమన్నాను. ఒక్కటే అడిగాను."

ట్రే బల్ల మీద పెట్టేశాను. కొంచెం గట్టిగానే చప్పుడైంది. మధుసూదనరావు గారు లేచి తన కుర్చీ నా వైపు లాగారు. బాలు తల దించుకున్నాడు. మా ఆయన కోపి ఒక గుక్క తాగి, కప్పులోకి చూసుకుంటూ, పంచదార ఎక్కువైంది అన్నారు. ఆయన నోట అంత చిన్న మాట నేనెప్పుడూ వినలేదు.

కీర్తిక ఫోన్లో కొట్టుకున్నదంతా చెరిపేసింది. "అమ్మమ్మా, లైన్లో నిజంగా నువ్వా? నాకు చెప్తావా?"

నలుగురిలో అప్పటికే ఎక్కువ మాట్లాడేశాను. రేపు చెప్తానన్నాను.

తెల్లారి దానితో పాటు నేనూ బయల్దేరాను. మా దగ్గర డ్రైవరు లేని బుల్లి రైలు ఒకటి గుండ్రంగా తిరుగుతుంది. ఒకవైపు ఎక్కితే కీర్తిక బడి ఎంతో దూరం లేదు. ఆ పొద్దు కావాలనే రెండోవైపు ఎక్కాం, చుట్టూ తిరిగి వెళ్ళేది. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. నేను చెప్పాను. చీకటితో వెళ్ళి లైన్లో రాయి పెట్టి రావడం, పక్కింటావిడ రాయి ఎవరిదో గుర్తుండేలా సున్నం బొట్టు పెట్టుకోవడం, కడుపుతో ఉన్నవాళ్ళని అడక్కుండానే ముందుకి పంపడం, మన వంతు వచ్చేసరికి కొట్టువాడు తలుపు వేసేసుకోవడం. ఫ్యాక్టరీకి వచ్చిన రష్యా ఇంజనీరు భార్య ఒకావిడ ఓ రోజు అటు వెళ్తూ మా రాళ్ళు చూసి ఆగింది. నవ్వింది. పెన్ను తీసి, నా చెయ్యి పట్టుకుని, అరచేతిలో నా వంతు అంకె రాసింది. తన చెయ్యి కూడా అలాగే చూపించింది, మా ఊళ్ళో ఇలాగ అన్నట్టు. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. అయినా ఇద్దరికీ అర్థమైంది.

కీర్తిక ఏమీ కొట్టుకోలేదు. వింది. దిగే చోటు దగ్గరపడ్డాక భయమేస్తోంది అంది. దాని పెన్ను తీసుకుని అరచేతిలో ఒకటి అంకె వేశాను. టీచరు అడగ్గానే ఇది చూసుకుని నువ్వే ముందు లేచిపో, వెనకపడే కొద్దీ భయం పెరుగుతుంది అన్నాను. అది గుప్పిట మూసుకుని దిగిపోయింది.

తలుపులు మూసుకున్నాక ఫోను మోగింది. మా ఆయన. కాఫీ షాపు దగ్గరున్నారట. "నూకాలూ, ఇక్కడ లైను చాలా పెద్దదుంది. నువ్వెక్కడ?"

"నిలబడండి," అన్నాను.

రైలు తిరిగి మా స్టేషన్‌కి వచ్చింది. నేను దిగలేదు. కిటికీ పక్క సీట్లోకి జరిగి, ఇంకో చుట్టు కూర్చునే తిరిగాను.