మోషేగారి ఎర్ర చీటీ

"అంకుల్, డ్రాయర్‌లో ఈ ఎర్ర చీటీ మీద మోషే అని రాసి ఉంది. ఎవరాయన?"

ముందు దాన్ని అక్కడ పెట్టమ్మా. ఊఁ... సరే, కూర్చో. ఒక్కటి ముందే చెబుతున్నాను. ఆయన భార్యాబిడ్డలు ఏమయ్యారని మాత్రం అడగవద్దు. నాతో ఒక్కసారి చెప్పారు. రెండోసారి ఎవరూ చెప్పవలసిన మాట కాదది. మిగతాది చెబుతాను.

డెబ్బైల చివర, ఇక్కడే, మన ఈ ట్రాయ్ ఊళ్లోనే, కారు భాగాలు తయారుచేసే చిన్న కర్మాగారంలో నేను ఇన్‌స్పెక్టర్‌ని. మోషేగారు లేత్ మీద, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం మీద పనిచేసేవారు. పోలండ్ నుంచి వచ్చిన యూదుడు. నాకన్నా ఇరవై, కాదు, పదిహేనేళ్లు పెద్ద. భాగం కొలతకు సరిపోతే ఆకుపచ్చ చీటీ కట్టాలి, పనికిరాకపోతే ఎర్రది, కింద నా సంతకంతో. ఆయన పనికి ఎర్ర చీటీ కట్టే అవకాశం నాకెన్నడూ రాలేదు. "ఏమయ్యా ఇన్‌స్పెక్టర్, ఇవాళైనా నన్ను పట్టుకుంటావా?" అనేవారు రోజూ, ఇంగ్లీషులోనే, ఆ పోలండ్ యాసతో. మధ్యాహ్నం ఇద్దరిదీ ఒకటే బల్ల. కాఫీ అప్పుడు పాతిక సెంట్లు. ఆయన కప్పులో మూడు చెంచాల పంచదార. ఆ యాస చెవిన పడక ఎన్నేళ్లయిందో... అది అలా ఉంచు.

ఒకనాడు అన్నాను, "మీ చేతికి తప్పు చేయడం రాదండీ" అని. ఆయన నవ్వలేదు. యుద్ధకాలంలో నాజీలు ఆయనను ఖైదీగా తెచ్చి, తమ ఫిరంగి గుళ్ల కర్మాగారంలో లేత్ ముందు నిలబెట్టారట. గుండు పేలాలంటే లోపలి పిన్ను వెళ్లి మందుకు తగలాలి కదా, అది కూర్చునే గాడిని, తనిఖీవాళ్ల కొలత గేజ్ చేరనిచోట, వెంట్రుకవాసి ఎక్కువ లోతు తీసేవారట. పిన్ను తగలకూడదని.

"దొరికితే లేత్ పక్కనే ఉరి. దొరకలేదు. కానీ ఒక్క గుండైనా పేలకుండా ఆగిందో లేదో నాకు తెలియదయ్యా," అన్నారు.

ఆయన రిటైరై ఫ్లోరిడా వెళ్లాక, ఎనభైల మధ్యలో, ఆయన దగ్గర నుంచి ఉత్తరం. అందులో ఆ గాడి బొమ్మ, కొలతలు. "నువ్వు ఇన్‌స్పెక్టర్‌వి. చూసి చెప్పు. ఇన్నేళ్లలో నాకు ఒక్క ఎర్ర చీటీ ఇవ్వలేదు. ఇది పనికిరాని గుండే అయితే, ఆ చీటీ ఇప్పుడు పంపించు."

లెక్క కట్టాను. ఎన్నిసార్లో. పిన్ను పొడవు తెలియదు, స్ప్రింగు బలం తెలియదు. తెలియనిదానికి సంతకం చేసే అలవాటు నాకు లేదు. ఇంకొంచెం చూసి రాద్దామనుకున్నాను. ఆ చలికాలంలోనే పోయారని కబురొచ్చింది.

చీటీ మీద పేరు మాత్రం రాసే ఉంచాను. కింద సంతకం చోటు చూడు, ఇంకా ఖాళీయే...