ఉమ్మకూడని గుక్క

లెబనాన్‌లోని బెకా లోయలో ఆ ఉదయం డ్రైవరు చేతిలో ఉన్నవి ఒక పాత కారు, దాన్ని రోజంతా అద్దెకు తీసుకున్న బీరూట్ వైన్ వ్యాపారస్తురాలు, ఆమెకు చూపించాల్సిన మూడు ద్రాక్షతోటలు. రెండు చోట్ల ఆమె వైన్ రుచి చూసేవాళ్ల పద్ధతిలో పుక్కిలించి బకెట్లో ఉమ్మేసింది. మూడో తోట అతనిదే.

“ఇక్కడ మాత్రం ఉమ్మకండి మేడమ్.”

“అన్నీ మింగితే సాయంత్రానికి నన్ను మోసుకెళ్లాలి బాబాయ్. అంత గొప్ప సరుకా?”

“కాదు, పులుపు. పైన యుద్ధ విమానాలు తిరుగుతుంటే పూర్తిగా పండకముందే కోసేశాం.”

“ఆ మాట చెప్పి ఎవరైనా అమ్ముతారా?”

“కోతకి ఏడుగురం దిగాం. బాంబు పడ్డాక ఆరుగురం ఇంటికొచ్చాం. నా కొడుకు ఆఖరిగా కోసిన ద్రాక్ష ఈ పీపాలో ఉంది.”

ఆమె బకెట్‌ను కాలితో పక్కకు జరిపి, గ్లాసు ఖాళీ చేసింది.

“నిజంగానే పులుపు. నేను కొనలేను బాబాయ్.”

“తెలుసు. ఇప్పటిదాకా వచ్చినవాళ్లంతా ఉమ్మేసి పోయారు. మీరొక్కరు మింగారు. ఆ పంటకి నాకొచ్చిన లాభం అదే.”