ఎర్రవాగు ఆరిజిన్

తోమా మాస్టారు టీకొట్టు బల్ల మీద కూర్చున్నారంటే రేవులంకలో ఎవరికీ తొందరపని ఉండకూడదు. మిషన్ స్కూల్లో ముప్పై రెండేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఆయన నోట మాట బయల్దేరడం సులువే, ఆగడానికి మాత్రం ఏలూరు బస్సు రావాలి.

ఆ పొద్దున బస్సు ఇంకా రాలేదు. కొట్టు నడిపే సరోజ పొయ్యి దగ్గరుంది. ఇవతల బల్ల మీద వార్డు మెంబరు ఏడుకొండలు, సచివాలయంలో ఉద్యోగం చేసే బ్లెస్సీ. ఎర్రవాగు మీద కొత్త వంతెనకి ఆదివారం ప్రారంభోత్సవం. శిలాఫలకం చెక్కే ఆయనకి మేటరు ఇవాళే పంపాలి. తెలుగు భాగం దాదాపు కుదిరింది, ఇంగ్లీషు దగ్గర బ్లెస్సీ ఆగిపోయింది.

“మాస్టారూ, వాగు చింతలపూడి మెరకలో పుట్టిందనడానికి ఆరిజిన్ అనాలాండీ, సోర్స్ అనాలాండీ? ఫోన్లో చూస్తే అన్నీ ఒకటే అంటోంది.”

మాస్టారు గ్లాసు కింద పెట్టారు.

“ఫోనుకేం తెలుసు తల్లీ, అదేమన్నా బళ్లో కూర్చుని చదువుకుందా? అర్థం ఒక్కటే అయితే ఇంగ్లీషువాడు రెండో మాట ఎందుకు ఉంచుకుంటాడు, వాడసలే పొదుపరి. ఏడుకొండలు చేపల చెరువులో నీళ్లు చిలికే ఏరియేటరుందా, దాన్ని స్టార్ట్ చేస్తాం, బిగిన్ చేస్తే తిరగదు. పాస్టరు గారి ప్రసంగానికి బిగినింగ్ ఉంటుంది, ఎందుకంటే దానికి మధ్యా చివరా కూడా ఉండాలి కాబట్టి, చివర ఎప్పుడొస్తుందన్నది వేరే సంగతనుకో. అదే ఆఫీసు కాగితం మీద పని మొదలైతే కమెన్స్‌మెంట్, ఇస్త్రీ చొక్కా వేసుకున్న మాట అది. సంఘం పెడితే ఇన్సెప్షన్. వానాకాలం, జ్వరం, ఇలాంటివి మనల్ని అడక్కుండా మీద పడతాయి చూడు, వాటికి ఆన్‌సెట్.”

“మరి నాక్కావలసిందండీ?”

“అక్కడికే వస్తున్నా. ఆరిజిన్ అంటే పుట్టుక. ఒక్కచోటే, ఒక్కసారే. సోర్స్ అంటే ఇప్పటికీ వస్తూ ఉండే చోటు. సరోజ కొట్టుకి పాలు పేతురు గేదెల నించి వస్తాయి, అది సోర్సు, రేపు ఇంకొకరింటి నించి రావచ్చు. సోర్సులు పది ఉండొచ్చు, ఆరిజిన్ ఒక్కటే. ఈ తేడా పట్టుకునే కదా నేను ఎర్రవాగుని విడిపించింది.”

“ఆ ముక్కే కావాలండీ,” అన్నాడు ఏడుకొండలు. “వాగుని విడిపించినవాళ్ల పేరు రాయి మీద వేయాలని తీర్మానం చేశాం. అప్పుడు నేను ఊళ్లో లేను కదా. మీరు చెప్పండి, అమ్మాయి రాసుకుంటుంది.”

మాస్టారు కండువా సర్దుకున్నారు. రెండేళ్ల నించి చెప్పీ చెప్పీ ఆ కథ ఆయన నాలుక మీద నున్నగా అరిగి ఉంది.

“ఏముందయ్యా. పై చెరువు ఆసామి వాగుకి అడ్డంగా గట్టు వేసేశాడు. వాడి పొలంలో ఒక ఊట ఉంది. దాన్ని కాగితంలో ఆరిజిన్ అని రాయించుకుని, నా భూమిలో పుట్టిన నీళ్లు నావే అన్నాడు. ఇక్కడ మన వలలవాళ్లకి మోకాలి లోతు నీళ్లు లేవు. విచారణ పెడితే సరోజా నేనూ వెళ్లాం. ఆఫీసరు కొత్తాయన, తెలుగు రాదు. నేను లేచి, సార్, ఆ ఊట సోర్సే గానీ ఆరిజిన్ కాదు అన్నాను. అంతే.”

సరోజ పాలు పొంగకుండా గరిటె తిప్పుతోంది.

అంతే అన్నచోట మాస్టారు నిజంగా ఆగేవారేమో. కానీ బ్లెస్సీ టైపు చేయడం ఆపి, “ఒక్క మాటతోనేనాండీ,” అంది. అలా కళ్లు పెద్దవి చేసి వినే పిల్ల ఎదురుగా ఉంటే ఏ మాస్టారు ఆగుతాడు?

“ఒక్క మాటకే ఆఫీసరు చేతిలో పెన్ను జారిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లేచి తన కుర్చీ నాకిచ్చేశాడు. నేను కూర్చోలేదనుకో, మర్యాద కాదు. ఈ సంగతి కలెక్టరు గారికి చేరింది. ఆయన కారు దిగుతూనే, మాస్టారూ, ఆ ఆరిజిన్ నాకు చూపించాలి అన్నారు. సరే పదండన్నాను. వాగు వెంటే ఏడు రోజులు నడిచాం, ఆయిల్‌పామ్ తోటలు దాటి, జీడిమామిడి తోపులు దాటి వెళ్లి ఒక బండ కింద చూద్దుము కదా, చిల్లు. శనగగింజంత. ఇదేనండి అని చూపిద్దామని బొటనవేలు పెట్టి మూశాను. వాగు ఆగిపోయింది.”

“మొత్తమేనాండీ?” అన్నాడు ఏడుకొండలు.

“మొత్తం. ఇక్కడ కొల్లేట్లో పడవలు బురదలో చతికిలబడ్డాయి. కొంగలు ఎగిరే పని లేక నడుచుకుంటూ చేపలు ఏరుకుంటున్నాయి. గణపవరం నించి ఫోను, మాస్టారూ, చెరువులు అడుగంటాయి, దయచేసి వేలు తీయండి అని.”

“వాళ్లకి మీ నంబరెలా తెలిసిందండీ?”

“కష్టంలో ఉన్నవాడికి నంబరు తెలియకపోవడమేమిటయ్యా? సరే తీద్దామంటే వేలు రాదు, లోపలికి పీల్చేసింది. నా నడుం కలెక్టరు గారు పట్టుకుని, ఆయన నడుం డ్రైవరు పట్టుకుని లాగితే టప్పుమని వచ్చింది. ఆ వచ్చిన నీళ్లు ఆసామి గట్టుని ఎత్తుకుపోయి, కొల్లేరు దాటించి, ఉప్పుటేరు దాటించి, తీసుకెళ్లి సముద్రంలో పెట్టాయి. ఇప్పటికీ అక్కడే ఉంది, ఓడలు తప్పుకుని పోతాయి. వారం తిరక్కుండా లండన్ నించి డిక్షనరీ వాళ్లు ఫోను. అయ్యా, ఈ తేడా మాకే తెలియలేదు, మీరు చెప్పినట్టు పేజీ దిద్దుకున్నాం, ఇంగ్లీషు మీ దగ్గర భద్రంగా ఉంది కాబట్టి ఇక మేము మాట్లాడ్డం తగ్గించుకుంటాం అని.”

ఏడుకొండలు నవ్వు ఆపుకోవడానికి గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బ్లెస్సీ కూడా నవ్వుతూనే, “ఇదంతా రాయి మీద పట్టదండీ. ‘శ్రీ తోమా మాస్టారు విచారణలో వాదించి వాగును విడిపించారు’ అని వేస్తున్నాను. పంపించేయనా?” అంది.

“పంపమ్మా,” అన్నారు మాస్టారు.

“ఆగు బ్లెస్సీ,” అంది సరోజ.

పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని ఇవతలికి వచ్చింది. “మాస్టారూ, లండన్ సంగతి నాకు తెలియదండీ, ఆఫీసు సంగతి తెలుసు. మీరు వరండా దాకా వచ్చారు. లోపల ఆఫీసరు ఎవరితోనో గడగడా ఇంగ్లీషు మాట్లాడుతుంటే విని, మంచినీళ్లు తాగొస్తానని వెళ్లారు. నేను బయటికొచ్చేదాకా మళ్లీ రాలేదండి.”

మాస్టారికి ఆ వరండా గుర్తుంది. ముప్పై రెండేళ్లు ఆయన ఇంగ్లీషుకి ఎదురు సమాధానం చెప్పినవాళ్లు లేరు. ఆ రోజు తలుపు అవతల వినబడ్డ ఇంగ్లీషు, ఎదురు ప్రశ్న వేసే ఇంగ్లీషు. నాలుక పిడచగట్టుకుపోయింది. కుళాయి దగ్గర నిలబడి నాలుగు సార్లు మొహం కడుక్కున్నారు.

“ఇన్నాళ్లూ మీరు చెప్పుకుంటుంటే నాకేం అనిపించలేదండి, వినడానికి బాగుంటుంది,” అంది సరోజ, గొంతు పెంచకుండా. “కానీ ఇది రాతి మీద చెక్కేదండీ. నా పిల్లలు రోజూ దాని పక్క నించే బడికెళ్లాలి.”

“మరి లోపల మాట్లాడిందెవరు అత్తా?” అంది బ్లెస్సీ.

“నేనే. నాకొచ్చిందెంత? దిస్ ఓన్లీ సోర్స్ సార్, ఆరిజిన్ చింతలపూడి సైడ్ సార్ అన్నాను. ఆయన మ్యాపు తెప్పించి చూసుకుని గట్టు తీయించారు. ఆ రెండు మాటలూ తొమ్మిదో తరగతిలో మాస్టారు చెప్పినవేనమ్మా, అదీ రాసుకో.”

మాస్టారు చెవులు వేడెక్కాయి. తను వరండా దాటలేనిచోట, తను నేర్పిన రెండు మాటలు పట్టుకుని ఈ పిల్ల లోపలికి వెళ్లి నిలబడింది. సిగ్గు పక్కనే ఇంకేదో కూడా గుండెలో కదిలింది. దానికి ఇంగ్లీషులో ఏ మాట వాడాలో ఆయనకి వెంటనే తట్టలేదు.

“నా పేరు తీసెయ్యమ్మా,” అన్నారు చివరికి. “సరోజ అని పెట్టు. ఎస్, ఏ, ఆర్, ఓ, జె, ఏ. చెక్కేవాడు జె బదులు జి పెడతాడు, దగ్గరుండి చూసుకో.”

బ్లెస్సీ దిద్దుకుని పంపించింది. ఏడుకొండలు గ్లాసు దించి, మొహం వీలైనంత మామూలుగా పెట్టి అడిగాడు.

“అయితే మాస్టారూ, ఆ లండన్ ఫోను కూడా రాలేదాండీ?”

“వచ్చింది,” అన్నారు మాస్టారు, తడుముకోకుండా. “దానికీ దీనికీ సంబంధం లేదు.”

“రాంగ్ నంబరై ఉంటుందండీ,” అంది సరోజ.