గుర్తు పెట్టని ఫైళ్లు

1987, ఒక శనివారం మధ్యాహ్నం. కామాటిపుర పదకొండో గల్లీలోని చాల్, అంటే ఖోలీలనే ఒంటిగదుల పాత అద్దె భవనం. కంప్యూటర్ ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన శంకర్రావు, చాల్‌కు పెద్దదిక్కయిన అతని మేనమామ రాజమల్లు.

“ఎర్ర రంగా మామా? మంచిగ చూసినవా?”

“ఎర్రదే. ముప్పై రెండు ఖోలీలకు తలుపు తలుపుకు నంబరేసి పోయిన్రు. రిపేరు చేస్తరేమో అల్లుడా. యాదమ్మ ఖోలీల పైకప్పు ఊడిపడి రెండేండ్లాయె.”

“రిపేరుకు ఎర్ర రంగు వెయ్యరు.”

“మరి దేనికేస్తరు?”

“ఆగు మామా, ఆలోచించనీ.”

“ముఖం గట్లెందుకు పెట్టినవ్? చాయ్ తాగు.”

“వద్దు. మా ఆఫీసుల కూలగొట్టే ఇండ్ల లిస్టు చేస్తున్నం గదా. సర్కారు పని. ఒక్కో చాల్‌కు ఒక్కో ఫైలు.”

“ఎరుకే. మన చాల్ అండ్ల లేదని నువ్వే చెప్పినవ్.”

“లేకుండె.”

“లేకుండె అంటే?”

“కంప్యూటర్ల టైపు చేసే ప్రోగ్రాం ఉంటది, ఎడిటర్ అంటరు. దాంట్ల ఫైలు దిద్దినంక గోదాంకు పంపాలె, అంటే ఫైళ్లన్నీ దాచే జాగకు. గోదాంల పాతది గూడ ఉంటది, కొత్తది గూడ ఉంటది. ప్రింటు అండ్లకెళ్లే తీస్తరు. మొన్నటిదాంక ఒక్కొక్క ఫైలు పేరు కొట్టి పంపేటోళ్లం. రోజూ ఎవడో ఒకడు ఏదో ఒకటి మరిచేటోడు. దాన్ని నేనే బాగుచేసిన.”

“మీ సాబు మెచ్చుకున్నడంటివి.”

“మెచ్చుకున్నడు. ఇప్పుడు గుర్తు పెడితే ఆ ఫైళ్లే గోదాంకు పోతయి. దేనికీ గుర్తు లేకుంటే, దిద్దినయన్నీ ఎడిటరే ఏరుకొని పంపిస్తది. ఒక్క మీట నొక్కితే చాలు.”

“మంచిదే గదా.”

“పనిచేస్తదా లేదా చూడాలంటే ఉత్తుత్తి ఫైలొకటి కావాలె. అండ్ల పేర్లు కావాలె. నాకు నోటికొచ్చే పేర్లు ఏవి మామా?”

“నాకేం ఎరుక.”

“పోచయ్య, ఒకటో ఖోలి. యాదమ్మ, రెండు. వజ్రమ్మ, మూడు. పొద్దున నీళ్ల వంతుకు నువ్వు పిలుస్తవ్ గదా, ఆ వరుసనే కొట్టిన. పైన అడ్రసు గూడ మనదే.”

“మన పేర్లు కూలగొట్టే లిస్టుల రాసినవా?”

“పరీక్షకే. తీసేద్దామనుకున్న. సోమవారం తొందరల గుర్తు పెట్టకుంట మీట నొక్కిన.”

“అన్నీ పోయినయా?”

“అన్నీ. మనది గూడ.”

“మెల్లగ మాట్లాడు. ఆడోళ్లు వింటరు.”

“తప్పు నాదే మామా. అయినా నువ్వు భయపడకు. ఎల్లుండి పోంగనే సాబుకు చెప్పి, పాత లిస్టు మళ్ల బయటికి తీస్త. నా నౌకరీ పోతే పోనీ. ఉత్త లిస్టుతోని వాళ్లు ఒక్క ఇటుక గూడ తియ్యలేరు.”

“ఎందుకు తియ్యలేరు?”

“ఖాళీ చేస్తమని చాలోళ్లు ఒప్పుకోవాలె. ఒప్పుకున్నట్టు ఇంటికొకరు వేలిముద్ర పెట్టాలె. అది లేంది పని నడవది.”

“ఒక్కపారి పెట్టినంక వెనుకకు తీసుకుంటే?”

“తీసుకునుడు ఉండది. ఎందుకడుగుతున్నవ్?”

“ఊకెనే.”

“రంగేసినోళ్లు ఉత్తగ రంగేసి పోయిన్రా?”

“చాయ్ సల్లారుతుంది.”

“మామా.”

“కాయితం ఇంగ్లీషుల ఉండె బిడ్డ. కింద మీ ఆఫీసు ముద్ర ఉండె, నీ కార్డు మీద ఉంటదే, గదే. మన శంకర్ పంపిన కాయితం, కండ్లు మూసుకొని పెట్టుండ్రని నేనే ఇంటింటికి తిరిగి అందరితోని వేలిముద్ర పెట్టించిన.”