డెబ్బైరెండు దెబ్బలు

కార్న్‌వాల్ తీరాన పొగమంచు ఇంకా విడలేదు. చర్చి గంట కొట్టే ముసలాయన, ఎదురుగా నిలబడ్డ బెస్త ఇల్లాలి ముఖంలోకి చూశాడు.

"తాతా, పొద్దున మా అమ్మ పోతే కొట్టావే, అలాగే కొట్టు. బతికిన ఏడాదికో దెబ్బ."

"ఎవరికమ్మా?"

"మా ఆయనకి, జేబెజ్‌కి. పడవ ఈ చర్చి కింది రాళ్లకే కొట్టుకుంది."

"మంచులో పడవలకు దారి చూపే రేవు గంట తప్ప ఇంకోటి మోగకూడదని మొత్తుకున్నాను కదే!"

"పడవలు రేపటిదాకా రావని నేనే చెప్పాను. అమ్మ గంట లేకుండా పోకూడదని నీ కాళ్లు పట్టుకున్నాను."

"మంచు చూసి వెనక్కి తిరిగుంటాడు. రేవు గంటే అనుకున్నాడా?"

"డెబ్బైరెండు దెబ్బలు, తాతా. వింటూ తిన్నగా వచ్చేశాడు."

ముసలాయన గంట తాడు అందుకున్నాడు.

"అతనికెన్నేళ్లు?"

"ముప్పై ఒకటి. ఇప్పుడొద్దు తాతా, మంచు విడాక కొట్టు. మా తమ్ముడి పడవ ఇంకా రాలేదు."